చేయి పట్టి నేర్పడమా, చేసిపెట్టడమా?

ప్రశ్న: మా పాఠశాలకు ప్రొజెక్టర్లు, ట్యాబ్‌లు వచ్చి ఏడాది దాటింది. ఉపాధ్యాయులందరికీ రెండు రోజుల శిక్షణ ఇప్పించినా వాడకం పెరగలేదు. ఇప్పుడు మాలోనే ఇద్దరిని తయారుచేసి తక్కినవారికి తోడుగా ఉంచాలనుకుంటున్నాం. ఎవరిని ఎంచుకోవాలి? వారికి ఏం నేర్పించాలి?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: మీ ఆలోచన సరైనదే. శిక్షణలో చూసినదీ, అక్కడ ఒకసారి చేసినదీ సొంత తరగతి గదికి వచ్చేసరికి ఎందుకు నిలవదన్న ప్రశ్నను 1980ల మొదట్లోనే బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా పరిశోధకులు పట్టించుకుని, వివరించి చెప్పడం, చేసి చూపడం, సాధన చేయించడం వరకే ఆగితే చాలదనీ, ఆ తర్వాత కూడా తోటివారి తోడు కొనసాగాలనీ వాదించారు.

ఎంపికలో సాధారణంగా జరిగే పొరపాటు, పరికరాల మీద అందరికన్నా పట్టున్నవారిని తీసుకోవడం. అన్నీ చకచకా చేసేసేవారి పక్కన కూర్చున్నవారికి కంగారు తప్ప మరేమీ మిగలదు. మొన్నమొన్ననే నేర్చుకుని, తాము ఎక్కడ తడబడ్డారో ఇంకా గుర్తున్నవారు, అడిగితే విసుక్కోరని పేరున్నవారు నా దృష్టిలో మేలు.

వారికి మొదట నేర్పవలసినది చేతులు కట్టుకుని కూర్చోవడం. ప్రొజెక్టర్ మీద బొమ్మ రాలేదని సహోద్యోగి పిలిచినప్పుడు, మౌస్ లాక్కుని మూడు క్షణాల్లో సరిచేసి వెళ్లిపోతే, రేపు అదే గదినుంచి అదే పిలుపు వస్తుంది. ‘తెర మీద ఇప్పుడు ఏం కనిపిస్తోంది? నిన్న బొమ్మ వచ్చినప్పుడు కేబుల్ ఎక్కడ పెట్టారు?’ అని అడుగుతూ ఆయన చేతులతోనే చేయిస్తే ఐదు నిమిషాలు పట్టవచ్చు గానీ, ఆ పని ఆయనదవుతుంది. అయితే ఎదురుగా నలభై మంది పిల్లలు కూర్చుని ఉండగా ఈ నియమం పాటించడం క్రూరత్వమే. అప్పుడు వెంటనే సరిచేసి, గంట కొట్టాక మళ్లీ మొదటినుంచి ఆయనతో చేయించాలి.

రెండవది, సంభాషణను యాప్ దగ్గర కాక పాఠం దగ్గర మొదలుపెట్టడం. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే, మూడు కన్నా నాలుగు పెద్దది కనుక నాలుగో వంతే పెద్దదనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ప్రతి ఒక్కరూ ట్యాబ్‌లో ఒక పట్టీని భాగాలు చేసి రంగు వేస్తే, ఎవరు ఎక్కడ పొరబడ్డారో ఉపాధ్యాయుడికి ఒకేసారి కనిపిస్తుంది. ట్యాబ్‌కు ఇక్కడ పని ఉంది. అదే పాఠం కాగితం మడతతో తేలిపోతుందనుకుంటే, ‘ఇవాళ్టికి ట్యాబ్ వద్దు’ అనగలిగే తెగువ కూడా తోడు ఉపాధ్యాయుడికి ఉండాలి. విషయ పరిజ్ఞానం, బోధనా పద్ధతి, సాంకేతికత ఈ మూడింటినీ విడదీయకుండా చూడాలని పున్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే విద్యా పరిశోధకులు 2006లో ప్రతిపాదించినది ఇందుకే ఉపయోగపడుతుంది.

ఇక సమయం. ఆ ఇద్దరికీ, వారి సాయం పొందేవారికీ ఒకే ఖాళీ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో కేటాయించలేకపోతే, ఈ ఏర్పాటు మొదలుపెట్టకపోవడమే మంచిది.

ప్రశ్న: నన్ను ఇలాంటి బాధ్యతకే ఎంపిక చేశారు. కానీ నాకన్నా ఇరవై ఏళ్లు సీనియర్ అయిన మాస్టారు, నేను ఆయన తరగతి చూసి ఏం చెప్పినా తప్పు పట్టినట్టే భావిస్తున్నారు. ఏం చేయాలి?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: చూసి చెప్పడం మానేయండి. పైన పేర్కొన్న జాయిస్, షవర్స్ కూడా 1996 నాటికి ఇదే మాటకు వచ్చారు: ఉపాధ్యాయులు ఒకరి బోధన మీద మరొకరు అభిప్రాయాలు చెప్పుకోవడం మొదలుపెడితే కలిసి పనిచేయడం దెబ్బతింటోందని గమనించి, ఆ అంశాన్నే తమ పద్ధతినుంచి తొలగించారు. వారి లెక్కలో పాఠం చెప్పేవారే నేర్పేవారు, చూసేవారు నేర్చుకునేవారు. కాబట్టి మాస్టారినే మీ తరగతికి ఆహ్వానించండి. పాఠం అయ్యాక ‘ఎలా ఉంది సార్?’ అని అడగకుండా, వచ్చే వారం ఆయన ఏ పాఠం చెప్పబోతున్నారో అడగండి.