మూడ్ స్వింగ్సా, బైపోలారా? తేడా ఎలా తెలుస్తుంది?

మీ తమ్ముడు నెల రోజులపాటు గది దాటి రాలేదని, ఇప్పుడు వారంగా రాత్రిళ్లు పడుకోకుండా తెగ హుషారుగా తిరుగుతున్నాడని, ఇది వయసు ప్రభావమా లేక బైపోలారా అని అడిగారు. అది తేల్చాల్సింది సైకియాట్రిస్టే. నేను డాక్టర్ని కాదు, చాలా ఏళ్లుగా ఈ బైపోలార్‌తోనే, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే జబ్బుతోనే ఉద్యోగం, సంసారం రెండూ నెట్టుకొస్తున్నదాన్ని. మీరు నిద్ర సంగతి రాశారు చూడండి, అందుకే జవాబిస్తున్నా.

మామూలు చిరాకు, దిగులు మర్నాటికి కాస్త సర్దుకుంటాయి. డాక్టర్లైతే డిప్రెషన్‌కి కనీసం 2 వారాలు, మానియాకి (మితిమీరిన హుషారు దశకి) వారం, కాస్త తక్కువ తీవ్రత ఉండే హైపోమానియాకి 4 రోజులు లక్షణాలు ఉన్నాయా అని చూస్తారు. దిగులు మనిషిని ఎవరైనా గుర్తుపడతారు, మా అమ్మ దిష్టి కూడా తీసింది. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతుంటాయి, కుళాయి కట్టేయాలని తెలుస్తూనే ఉంటుంది, అయినా చెయ్యి లేవక బాత్రూంలో పీట మీద అలాగే కూర్చుండిపోయేదాన్ని. దీన్ని బద్ధకం అన్న చుట్టాలకు దండం.

ఎవరూ పట్టించుకోనిది రెండో దశ, ఆ హుషారు దశ. తెల్లవారుజామున మూడింటికి లేచి వంటింటి అలమరలన్నీ ఖాళీ చేసి స్టీలు డబ్బాలు తోముతుంటే మావాళ్లు "హమ్మయ్య, పిల్ల కోలుకుంది" అని సంబరపడ్డారు. ఆ వారంలోనే చీటీ పాడేసి, ఆ డబ్బు బొటిక్ పెట్టడానికని ఒక షాపుకి అడ్వాన్సు ఇచ్చేశాను, ఆఫీసులో అడగనివాళ్లకి కూడా సలహాలు, ఎవరైనా అడ్డం చెబితే కోపం. నిద్ర పట్టక మర్నాడు నీరసపడటం వేరు, రెండు గంటలు పడుకుని అసలు అలసటే లేకపోవడం వేరు. మీ తమ్ముడిలో చూడాల్సింది ఇదే.

డాక్టర్ దగ్గరికి వెళ్తే రెండు దశలూ చెప్పండి, వాడు చెప్పడు, ఎందుకంటే హుషారుగా ఉన్నప్పుడు జబ్బని అనిపించదు. దిగులు ఒక్కటే చెబితే యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ తగ్గించే మందు) మాత్రమే రాసే అవకాశం ఉంది, బైపోలార్ ఉన్నవాళ్లలో కొందరికి అది మానియాని ఎగదోస్తుంది.

నాకు లిథియం అనే మందు పడింది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ దీన్ని మానియాకి వాడి చూపించాడు, ఇప్పటికీ పనిచేస్తోంది. కాకపోతే గొడవ చాలానే ఉంది: రక్తంలో మోతాదు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు శాంపిల్ ఇవ్వాలి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు మానకూడదు. మన ఎండాకాలంలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినా, నడుం నొప్పికి మెడికల్ షాపులో ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కొని మింగినా లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బాగున్నాం కదా అని సొంతంగా మానేయడం కూడా ప్రమాదమే.

ఈలోపు వాడు ఎన్నింటికి పడుకున్నాడో, ఎన్నింటికి లేచాడో రోజూ క్యాలెండర్ మీద రాసిపెట్టండి, డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది. ఏటీఎం కార్డు విషయం నెమ్మదిగా మాట్లాడండి, లాక్కోవద్దు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట గనక వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడు క్యాజువాల్టీకి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు.