గ్రోస్ రాడెన్ గ్రామానికి స్లావ్ మూలాలు ఉన్నాయనడానికి ఆధారాలేమిటి?

ఈశాన్య జర్మనీలోని మెక్లెన్‌బుర్గ్ ప్రాంతంలో, స్టెర్న్‌బెర్గ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న ఈ చిన్న గ్రామం విషయంలో ప్రధాన ఆధారం భూగర్భంలోనే దొరికింది. 1973 నుంచి 1980 వరకు ఎవాల్డ్ షుల్ట్ నేతృత్వంలో జరిగిన తవ్వకాలలో, సరస్సులోకి చొచ్చుకుపోయిన భూభాగంపై 9, 10 శతాబ్దాల నాటి స్లావ్ ఆవాసం బయటపడింది. ఓబొట్రైట్ అనే స్లావ్ తెగల సమాఖ్యకు చెందిన వార్నోవ్ తెగవారు ఇక్కడ నివసించారని చరిత్రకారులు భావిస్తున్నారు.

నేల ఎప్పుడూ తడిగా ఉండడంతో కర్ర కుళ్లిపోకుండా నిలిచింది. అందువల్లనే ఇళ్ల నిర్మాణం ఇంత వివరంగా తెలిసింది. తొలి దశలో తడికెల గోడల ఇళ్లు ఉండేవి. ఆ ఊరు ధ్వంసమయ్యాక, దుంగలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన ఇళ్లు వచ్చాయి, పక్కనున్న ద్వీపంపై సుమారు 50 మీటర్ల వ్యాసంతో గుండ్రని మట్టికోట లేచింది. తొలి దశకు చెందిన ఒక కట్టడంలో, పైభాగాన్ని మనిషి తల ఆకారంలో చెక్కిన పలకలు, గుర్రపు పుర్రెలు లభించాయి. దానిని ఆలయమని సాధారణంగా చెబుతారు. లిఖిత సాక్ష్యం లేని చోట ఇది బలమైన ఊహ మాత్రమేనని నా అభిప్రాయం.

ఓబొట్రైట్ పాలకుడు నిక్లోట్ 1160లో హతుడైన తరువాత ఈ ప్రాంతమంతటా జర్మన్ వలసలు పెరిగాయి. తవ్విన చోటనే పునర్నిర్మించిన ఆవాసం, 1987 నుంచి ఆరుబయలు ప్రదర్శనశాలగా ఉంది.