తల్లికి అల్జీమర్స్: పాత జీపీఏతో స్థలం అమ్మవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 76. నాలుగేళ్లుగా అల్జీమర్స్‌తో బాధపడుతున్నారు, ఇప్పుడు నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. తెనాలిలో తాను కొనుక్కున్న స్థలం విషయంలో 2019లోనే నా పేర జీపీఏ (తన తరఫున వ్యవహరించేందుకు ఇచ్చే అధికారపత్రం) రిజిస్టర్ చేశారు. మందులకు, ఆయా జీతానికి డబ్బు చాలక ఆ స్థలం అమ్మదలిచాను. జీపీఏ కుదరకపోతే అమ్మ వేలిముద్ర వేయిస్తే సరిపోతుందని దస్తావేజు లేఖరి అంటున్నారు. అక్కయ్యకు అభ్యంతరం లేదు.

జవాబు: ఆ జీపీఏతో అమ్మకండి. అధికారమిచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగిసిపోతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టర్ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. అవసరానికి ఉంటుందని రాయించుకున్న కాగితం సరిగ్గా ఆ అవసరం వచ్చిన నాడే పనికిరాకుండా పోవడం మన చట్టంలోని పెద్ద లోటని నా అభిప్రాయం.

లేఖరి సలహా ఇంకా ప్రమాదకరమైనది. తాను చేస్తున్నదేమిటో గ్రహించి, దాని మంచిచెడ్డలు తూచుకోగలిగినవారే ఒప్పందానికి అర్హులని అదే చట్టం 11, 12 సెక్షన్లు చెబుతున్నాయి కనుక, మిమ్మల్నే గుర్తుపట్టని తల్లి వేలిముద్రతో పుట్టిన దస్తావేజు కోర్టులో నిలవదు, పైగా మీపై మోసం కేసుకు దారితీయవచ్చు. మీ అక్కగారి సమ్మతి కూడా దీన్ని సరిచేయదు. తల్లి స్వార్జితంపై ఆమె జీవించి ఉండగా మీ ఇద్దరికీ హక్కు లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నియమించే ప్రతినిధి వైద్య నిర్ణయాలకే పరిమితం, ఆస్తి జోలికి పోలేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టు గానీ ప్రభుత్వం ప్రకటించిన అధికారి గానీ పరిమిత సంరక్షకుణ్ణి (ఆ వ్యక్తితో కలిసి, నిర్దిష్ట విషయాలకే నిర్ణయాలు తీసుకునేవారిని) నియమించవచ్చు. అయితే ఆస్తి అమ్మకం వరకు వచ్చినప్పుడు, రాజ్యాంగం 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, సంరక్షకునిగా నియామకంతో పాటు అమ్మకానికి ప్రత్యేక అనుమతి కూడా కోరడం మేలని నేను సూచిస్తాను. కోమాలో ఉన్నవారి విషయంలో కేరళ హైకోర్టు 2019లో ఇటువంటి నియామకానికి మార్గదర్శకాలు ఇచ్చింది.

పిటిషన్‌కు న్యూరాలజిస్టు ధ్రువపత్రం, పాత వైద్య రికార్డులు, నెలవారీ ఖర్చుల రసీదులు, స్థలం పత్రాలు, అక్కగారి అఫిడవిట్ జతచేయండి. ఆమె సమ్మతి నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. కోర్టు వైద్య పరీక్షకు ఆదేశించవచ్చు, వచ్చిన సొమ్మును తల్లి పేరనే ఉంచి లెక్కలు చూపమనవచ్చు. అనుమతి చేతికి రాకముందు కొనుగోలుదారు నుంచి బయానా మాత్రం తీసుకోకండి.