కరెంటు లేనప్పుడు ఒక గదికి ఏసీ: అద్దెదారుకు ఎవరి అనుమతులు కావాలి?

ప్రశ్న: మేము ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మా నాన్నగారు గుండె జబ్బు మనిషి. వేసవిలో కరెంటు గంటల తరబడి పోతుండడంతో ఆయన పడుకునే గదికి మాత్రం స్ప్లిట్ ఏసీ పెట్టించి, కరెంటు లేనప్పుడు కూడా నడిచేలా ఏర్పాటు చేయాలనుకుంటున్నాము. ఇంటి యజమాని నోటిమాటగా ఒప్పుకున్నారు. అసోసియేషన్ వారు మాత్రం అవుట్‌డోర్ యూనిట్‌ను బయటి గోడకు బిగించరాదని, భవనం జనరేటర్ లైనుకు ఏసీ కలపరాదని నోటీసు ఇచ్చారు. సొంతంగా బ్యాటరీలు పెట్టుకున్నా డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) అనుమతి ఉండాలని, లేకపోతే కరెంటు చౌర్యం కేసు అవుతుందని కార్యదర్శి అంటున్నారు. ఇందులో ఏది నిజం?

జవాబు: ఇంట్లో ఏసీ వాడుకోవడం వరకే అయితే మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే ఆ ఏసీ తాలూకు అవుట్‌డోర్ యూనిట్ ఎవరి గోడ మీద ఉంటుంది, కరెంటు పోయిన సమయంలో అది ఎవరి విద్యుత్తుతో నడుస్తుంది అన్న రెండు అంశాలను బట్టి మీ హక్కులూ బాధ్యతలూ మారిపోతాయి. కార్యదర్శి చెప్పినవాటిలో జనరేటర్ విషయం సరైనదే, గోడ విషయం పాక్షికంగా సరైనది, చౌర్యం విషయం మాత్రం సరికాదు.

ముందు చౌర్యం సంగతి చూద్దాం, ఎందుకంటే భయపెట్టడానికి ఎక్కువగా వాడే మాట అదే. విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 135 ప్రకారం చౌర్యం అంటే డిస్కం తీగలకు దొంగచాటుగా కొక్కెం వేయడం, మీటరును పాడుచేయడం లేదా ఏమార్చడం, కరెంటు ఇచ్చిన ప్రయోజనానికి కాక మరో ప్రయోజనానికి వాడడం వంటివి, అదీ నిజాయితీ లేని ఉద్దేశంతో చేసినప్పుడు. మీ మీటరు గుండా వచ్చి, యూనిట్లుగా నమోదై, బిల్లు పడిన విద్యుత్తును బ్యాటరీలో నిల్వ చేసి అదే ఇంట్లో గృహావసరానికి వాడుకోవడం ఈ నిర్వచనంలోకి రాదు.

అయితే చౌర్యం కాకపోయినా మీకు వర్తించగలిగేది మరొకటి ఉంది. అదే సెక్షన్ 126 కింద వచ్చే అనధికార వినియోగం. మంజూరైన కాంట్రాక్టెడ్ లోడును (మీ కనెక్షన్‌కు అనుమతించిన గరిష్ఠ విద్యుత్ వాడకాన్ని) మించి వాడడం కూడా ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 2011లో సీతారాం రైస్ మిల్ కేసులో తేల్చి చెప్పింది. 2022 డిసెంబరులో కేరళ నుంచి వచ్చిన కేసులోనూ అదే వైఖరిని నిలబెట్టింది. అనధికార వినియోగమని తేలితే సంబంధిత టారిఫ్‌కు రెట్టింపు చొప్పున మదింపు చేస్తారు. అది ఎప్పటి నుంచి జరుగుతున్నదో నిర్ధారించలేకపోతే తనిఖీ తేదీకి ముందు పన్నెండు నెలల వరకు లెక్క కట్టవచ్చు. ముందుగా తాత్కాలిక మదింపు ఉత్తర్వు ఇస్తారు, దానిపై మీరు అభ్యంతరం చెప్పుకోవచ్చు. తుది ఉత్తర్వుపై 30 రోజుల్లోగా, మదింపు మొత్తంలో సగం చెల్లించి, సెక్షన్ 127 కింద అప్పీలు చేసుకోవచ్చు. ఇది పెనాల్టీ వ్యవహారమే తప్ప జైలుకు పంపే నేరం కాదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మీ లోడు ఎక్కువయ్యేది కరెంటు తిరిగి వచ్చిన తరువాతే. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల చల్లదనాన్ని ఇస్తూ పూర్తి సామర్థ్యంతో నడిచేటప్పుడు దాదాపు ఒక కిలోవాట్ విద్యుత్తు తీసుకుంటుంది. గంటల తరబడి దానిని నడిపి ఖాళీ అయిన బ్యాటరీలు కరెంటు రాగానే చార్జింగుకు మొదలుపెడతాయి, ఏసీ కూడా అప్పుడు నేరుగా లైను మీదికి మారుతుంది, ఫ్రిజ్, మోటారు, గీజరు వంటివి ఏవైనా ఉంటే అవీ ఆ సమయంలోనే పనిచేయడం మొదలుపెడతాయి. కాబట్టి ఏసీ వాటేజీతో పాటు చార్జర్ వాటేజీని కూడా కలిపి లెక్కించి, మీ కరెంటు బిల్లుపై ఉన్న కాంట్రాక్టెడ్ లోడుతో పోల్చి చూసుకోండి. ఆ లోడు చాలకపోతే అదనపు లోడుకు దరఖాస్తు చేయడమే సురక్షితం. స్మార్ట్ మీటర్లున్న చోట 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు కొంత ఊరటనిచ్చాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు మంజూరైన లోడును మించినప్పుడే దానిని పైకి సవరించాలని ఆ నియమాలు చెబుతున్నాయి. అయినా ఆ వెసులుబాటు మీద ఆధారపడి దరఖాస్తును వాయిదా వేయమని నేను సలహా ఇవ్వను.

దరఖాస్తు ఎవరు చేయాలి? సర్వీసు (కరెంటు కనెక్షన్) ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి ఆయన సంతకంతో చేయడమే ఆచరణలో సులువు. విద్యుత్ చట్టంలో వినియోగదారు నిర్వచనం, కరెంటు సరఫరా పొందుతున్న ఆవరణలో ఉన్నవారిని కూడా కలుపుకొంటుంది గనుక ఫిర్యాదు చేసే హక్కు మీకూ ఉంది. ఒక చిన్న హెచ్చరిక: అదనపు లోడుకు కట్టే సెక్యూరిటీ డిపాజిట్ సర్వీసు నంబరుకే జమ అవుతుంది, మీరు ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిస్కం దానిని మీ చేతికి ఇవ్వదు. ఆ సొమ్ము ఎవరు భరించాలో, ఎలా తిరిగి ఇవ్వాలో యజమాని ఇచ్చే సమ్మతి లేఖలోనే రాయించుకోండి.

ఆ లేఖ లేకుండా పని మొదలుపెట్టవద్దు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108 ప్రకారం అద్దెదారు ఆస్తికి శాశ్వత నష్టం కలిగించరాదు, యజమాని సమ్మతి లేకుండా శాశ్వత కట్టడం చేపట్టరాదు. తాను బిగించుకున్న వస్తువులను మాత్రం, ఆస్తిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగిస్తూ, తీసుకుపోవచ్చు. స్ప్లిట్ ఏసీ శాశ్వత కట్టడం కాదన్నది నిజమే కానీ, దాని పైపు కోసం గోడకు పెట్టే రంధ్రం మీద ఖాళీ చేసే రోజున తగవు రాకుండా ఉండాలంటే రంధ్రం ఎక్కడ పెడతారు, పోయేటప్పుడు ఎవరు పూడ్పిస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాట సమ్మతి చెల్లదని కాదు, రుజువు చేసుకోవడం కష్టమవుతుంది.

బయటి గోడ విషయంలో యజమాని సమ్మతి సరిపోదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం, 2016లో కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకోగలిగే నేల వైశాల్యం) నిర్వచనమే బయటి గోడలు ఆక్రమించిన స్థలాన్ని మినహాయించింది. భవనం ముఖభాగం సాధారణంగా అందరి ఉమ్మడి ప్రయోజనంలో భాగంగానే పరిగణన పొందుతుంది. కాబట్టి యూనిట్లు ఎక్కడ పెట్టాలో నియంత్రిస్తూ బై-లాలో (అసోసియేషన్ నియమావళిలో) నియమం ఉంటే, దానిని పాటించవలసిందే. అయితే మీరు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అదే గోడ మీద ఇతరుల యూనిట్లు ఇప్పటికే ఉన్నాయా? ఉంటే, అద్దెదారుకు ఒక నియమం, ఓనరుకు మరొకటి అన్నట్టు వ్యవహరించడాన్ని సివిల్ కోర్టు సులభంగా సమర్థించదు. ఆ యూనిట్ల ఫొటోలు తీసి ఉంచుకోండి, బై-లా ప్రతిని, సర్వసభ్య సమావేశ తీర్మానాన్ని యజమాని ద్వారా లిఖితపూర్వకంగా అడగండి. నియమం ఏదీ లేకుండా కార్యదర్శి సొంత అభిప్రాయంతో ఇచ్చిన నోటీసుకు బలం తక్కువ.

తగాదా అవసరం లేని మార్గం కూడా ఉంది. మీకు బాల్కనీ ఉంటే అవుట్‌డోర్ యూనిట్‌ను బాల్కనీ లోపలే, నేల మీద స్టాండు పెట్టి, వేడిగాలి బయటికి పోయేలా అమర్చుకోవచ్చు. అప్పుడు గోడ వివాదం దాదాపు ఉండదు. నీరు కింది వారి మీద పడకుండా గొట్టం వేయడం, చప్పుడు హద్దులో ఉండేలా చూడడం మాత్రం మీ బాధ్యత. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్స్ పరిమితి.

జనరేటర్ లైను విషయంలో మాత్రం అసోసియేషన్ మాటే చెల్లుతుంది. ఉమ్మడి జనరేటర్ సామర్థ్యాన్ని లిఫ్టుకు, నీటి మోటారుకు, ఒక్కో ఫ్లాటుకు కొన్ని దీపాలకూ ఫ్యాన్లకూ పంచి ఉంటారు. ఆ లైనుకు ఏసీని కలిపితే అది ట్రిప్ అయి, లిఫ్టులో మరెవరో చిక్కుకుపోయే పరిస్థితి రావచ్చు. దానివల్ల కలిగే నష్టానికి పరిహారం కోరే హక్కు వారికి ఉంటుంది, మీ ఫ్లాటుకు వచ్చే జనరేటర్ లైనును నిలిపివేయనూ వచ్చు. అదే సమయంలో, డిస్కం ఇచ్చే సరఫరాను ఆపించే అధికారం అసోసియేషన్‌కు లేదు. బకాయిల కారణంగా డిస్కం అయినా సెక్షన్ 56 కింద పదిహేను రోజుల నోటీసు ఇచ్చాకే సరఫరా నిలపగలదు. మీ నాన్నగారి ఆరోగ్య పరిస్థితి మీకు గోడ మీదా, జనరేటర్ మీదా కొత్త హక్కు సృష్టించదు కానీ, వ్యవహారం ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) దాకా వెళితే ఎవరికి ఎక్కువ కష్టం కలుగుతుందో తూచేటప్పుడు కోర్టు దానిని పరిగణించవచ్చు. వైద్యుని ధ్రువపత్రం ఒకటి తీసుకుని ఉంచండి.

ఇక సొంత బ్యాటరీలు. వీటికి అసోసియేషన్ అనుమతి అక్కరలేదు, అవి మీ ఫ్లాటు లోపల ఉన్నంతవరకు. కారిడార్‌లో గానీ మెట్ల కింద గానీ పెడితే అది ఉమ్మడి స్థలం ఆక్రమణ, అగ్నిప్రమాదం వేళ బయటపడే దారికి అడ్డంకి కూడా. వైరింగ్ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతోనే చేయించాలి. బల్బులు, ఫ్యాన్ల వంటి చిన్న మార్పిళ్లకు మినహాయింపు ఉన్నా, ఇంటి విద్యుత్ అమరిక సామర్థ్యాన్ని మార్చే పనికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఆ షరతు పెడుతున్నాయి. చిన్న జనరేటర్ కొనుక్కుని, దాని తీగను ప్లగ్ పాయింటులో గుచ్చి ఇంటికి కరెంటు ఇచ్చే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. చేంజ్‌ఓవర్ స్విచ్ (వీధి లైనును విడదీసి ఇంటిని జనరేటర్ మీదికి మార్చే స్విచ్) లేకపోతే ఆ విద్యుత్తు మీటరు గుండా వెనక్కి వీధి లైనులోకి పోతుంది, లైను ఆగి ఉందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. అప్పుడు భారతీయ న్యాయ సంహిత, 2023లోని సెక్షన్ 106 కింద నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించిన నేరానికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. బాల్కనీలో పెట్రోలు జనరేటర్ నడిపితే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మీ నాన్నగారి గదిలోకే చేరవచ్చు.

కరెంటు కోతల మీద కూడా మీరు ఊరుకోనక్కరలేదు. నిర్ణీత వ్యవధిని మించి సరఫరా ఆగితే పరిహారం చెల్లించే బాధ్యతను విద్యుత్ చట్టంలోని సెక్షన్ 57, వినియోగదారుల హక్కుల నియమాలు, 2020 డిస్కం మీద పెట్టాయి. కోతల తేదీలు, గంటలు రాసుకుని డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి, ఫలితం లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు.

చివరగా కొనుగోలు గురించి. ఇన్వర్టర్ ఏసీ అన్నంత మాత్రాన అది ఇంట్లో ఫ్యాన్లు నడిపే మామూలు ఇన్వర్టర్ మీద నడుస్తుందని అర్థం కాదు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక్కదానిలో లెక్క ప్రకారమే 1.8 యూనిట్ల విద్యుత్తు ఉంటుంది, అందులో వాడుకోగలిగేది ఇంకా తక్కువ. కరెంటు లేకపోయినా ఇన్ని గంటలు నడుస్తుందని అమ్మకందారు చెబితే, ఏ ఇన్వర్టర్, ఎన్ని బ్యాటరీలు, ఎన్ని గంటలు అన్నది కొటేషన్ మీదో ఇన్‌వాయిస్ మీదో రాయించుకోండి. ఆ మాట తప్పని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. వివాదం తలెత్తిన రెండేళ్ల లోపు, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.