ఓడినా కుర్చీ వదలకపోవడం పదవీ వ్యామోహమేనా?

"బ్రిటన్‌లో ఎవరికీ మెజారిటీ రాకపోతే, ఓడిన ప్రధాని వెంటనే దిగిపోవాలి కదా?" అని అడిగారు. దిగిపోకూడదు. కళ్లారా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నా.

2010 మే 6న ఎన్నికలు జరిగేనాటికి నేను లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఉండేవాణ్ణి. భారత పౌరుణ్ణే అయినా ఓటేశాను. అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ దేశాలవాళ్లకు ఆ హక్కు ఉంది. పేరు, అడ్రసు చెబితే జాబితాలో గీత కొట్టి బ్యాలెట్ ఇచ్చారు. వేలికి సిరా లేదు. బూత్‌లో దారంతో కట్టేసిన పెన్సిల్ ఉంది. పెన్సిల్ గీతను ఎవరైనా చెరిపేస్తే ఎలా అని ఇంటికొచ్చేదాకా టెన్షనే.

గురువారం పోలింగ్, సెలవు లేదు. అందరూ ఆఫీసులయ్యాకే వస్తారు. షెఫీల్డ్‌లో, ఇంకొన్ని చోట్ల రాత్రి పది కాగానే లైన్లో ఉన్నవాళ్లను ఓటు వేయనివ్వకుండా పంపేశారు. మన దగ్గర టైమ్ అయ్యేసరికి లైన్లో ఉన్నవాళ్లకు స్లిప్పులిచ్చి మరీ ఓటు వేయిస్తారు. వాళ్లు ఆ మేరకు చట్టం మార్చుకోవడానికి 2013 దాకా పట్టింది. ఇప్పటికీ నాకు దాని మీద కోపమే.

మర్నాటికి లెక్క తేలింది. 650 సీట్ల సభలో కన్సర్వేటివ్‌లు 306, లేబర్ 258, లిబరల్ డెమోక్రాట్లు 57. సగం దాటాలంటే 326 కావాలి. ఊరి నుంచి నాన్న ఫోన్.

"ఎవరు గెలిచార్రా?"

"ఎవరూ గెలవలేదు నాన్నా."

"మరి ఎంపీలను ఎక్కడ దాచారు?"

1984లో ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించిన రోజులు ఆయన మనసులోంచి పోలేదు. ఎవరినీ ఎక్కడా దాచలేదని, పార్టీలు కూర్చుని మాట్లాడుకుంటున్నాయని చెబితే నమ్మలేదు.

లేబర్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ మాత్రం ప్రధాని నివాసం ఉండే డౌనింగ్ స్ట్రీట్‌లోనే ఉన్నారు. ఇల్లు ఖాళీ చేయని ఆక్రమణదారు అన్నట్టు రాసిన పత్రిక కూడా ఉంది. అది ఘోరమైన అన్యాయం. తర్వాత ప్రభుత్వం ఏర్పాటుకు ఎవరిని పిలవాలో రాజుకో రాణికో స్పష్టమయ్యేదాకా పాత ప్రధాని ఉండాలి, అది ఆయన బాధ్యత. ఆ వారమే గ్రీస్ అప్పుల సంక్షోభం ముదిరింది. ఆదివారం, మే 9న, బ్రస్సెల్స్‌లో యూరప్ ఆర్థిక మంత్రుల అత్యవసర సమావేశం జరిగితే బ్రిటన్ తరఫున వెళ్లింది ఓడిన ప్రభుత్వంలోని ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగే. బ్రౌన్ శుక్రవారమే రాజీనామా చేసి ఉంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చునేవారు? 1974లో ఎవరికీ మెజారిటీ రానప్పుడు కన్సర్వేటివ్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ కూడా ఇలాగే నాలుగు రోజులు ఉండి, లిబరళ్లతో బేరం కుదరక వెళ్లిపోయారు.

లేబర్, లిబరల్ డెమోక్రాట్లు కలిసినా 315 దాటరు. దాంతో మే 11 సాయంత్రానికి అంతా తేలిపోయింది. మా ఇంట్లో ఐదుగురం, అన్నం తినడం ఆపి టీవీ ముందే కూర్చున్నాం. బ్రౌన్ రాజీనామా మాటలు చెప్పి, భార్యతో కలిసి ఇద్దరు చిన్న కొడుకుల చేతులు పట్టుకుని ఆ వీధిలో నడుచుకుంటూ కారు దాకా వెళ్లారు. అంతవరకూ ఆయన్ని తిట్టిన మా రూమ్మేట్ నోట మాట రాలేదు. గంటన్నర గడిచిందో లేదో, అదే తలుపు ముందు కొత్త ప్రధాని, కన్సర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్ నిలబడి మాట్లాడుతున్నారు. పిల్లల చేతులు పట్టుకుని నడిచి వెళ్లిన ఆ మనిషిని పదవీ వ్యామోహి అంటే నేను ఒప్పుకోను.

ఇంకో మాట. సంకీర్ణంలో చేరిన చిన్న పార్టీయే మునిగిపోతుంది. యూనివర్సిటీ ఫీజుల పెంపునకు వ్యతిరేకంగా ఓటేస్తానని ఓటర్లకు రాసిచ్చిన లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్, కామెరాన్‌తో సంకీర్ణంలో చేరి ఉప ప్రధాని అయ్యాక, అదే ఏడాది డిసెంబర్‌లో ఫీజుల గరిష్ఠ పరిమితిని 9,000 పౌండ్లకు పెంచడానికి ఓటేశారు. మా పక్కింటి అమ్మాయి ఆయన పార్టీకే మొదటి ఓటు వేసింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. 2015లో ఆ పార్టీకి మిగిలినవి 8 సీట్లు.

అక్కడున్న మనవాళ్లలో చాలామందికి ఓటుందనే తెలియదు, తెలిసినా "మనకెందుకులే" అంటారు. మీ వీసా ఫీజులు పెంచేది ఆ పార్లమెంటులోంచి వచ్చే ప్రభుత్వమే. 2023 నుంచి బూత్‌లో ఫొటో ఐడీ అడుగుతున్నారు, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇంకా పేరు నమోదు కాకపోతే ఈ వారమే చేసుకోండి.