సబ్‌మెరైన్ హల్ వెల్డింగ్: ముందు గుండ్రం, తర్వాతే అతుకు

మీటరు వ్యాసం, 10 మి.మీ. మందం ఉన్న స్టీల్ సిలిండర్‌తో ఒక్కరు పట్టే సబ్‌మెరైన్ కడుతున్నానని, 50 మీటర్ల లోతుకి మిగ్ (గ్యాస్ కింద తీగ కరిగించే వెల్డింగ్) సరిపోతుందా, రాడ్‌తోనే కొట్టాలా అని మీరు అడిగారు.

రాడ్ కంటే ముందు చిన్న లెక్క చూడండి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒత్తిడి దాదాపు ఒక బార్ పెరుగుతుంది. 50 మీటర్ల దగ్గర 5 బార్లు, అంటే మీ ప్లేటులో హూప్ స్ట్రెస్ (సిలిండర్ చుట్టూ ప్లేటు మీద పడే బలం) సుమారు 25 మెగాపాస్కల్స్. ప్రెజర్ వెసెల్స్‌కి వాడే ఏ516 గ్రేడ్ 70 స్టీల్ ప్లేటు 260 మెగాపాస్కల్స్ దాకా లొంగదు. పైగా ఇది లాగే బలం కాదు, నొక్కే బలం. కాబట్టి అతుకు చిరగడం కన్నా, గుండ్రం తప్పిన చోట హల్ (సబ్‌మెరైన్ ఒళ్లు) లోపలికి సొట్టపడి ఒక్కసారిగా నలిగిపోవడమే అసలు భయం. ఆ గుండ్రాన్ని చెడగొట్టేది మీ వెల్డింగ్ వేడే.

రెండు మీటర్ల పొడవు సిలిండర్‌ని ఫ్రేములు లేకుండా వదిలేస్తే లెక్క ప్రకారం సుమారు 26 బార్ల దగ్గర బకిల్ అవుతుంది, అంటే లోపలికి నలిగిపోతుంది. అరమీటరుకొక రింగ్ ఫ్రేమ్ (చుట్టూ తిరిగే గట్టి పట్టీ) వేస్తే ఆ అంకె నాలుగు రెట్లు దాటుతుంది. అప్పుడు 52 బార్ల దగ్గర ప్లేటే ముందు లొంగుతుంది. ఇవన్నీ అచ్చంగా గుండ్రంగా ఉన్న సిలిండర్‌కి వచ్చే అంకెలు. వ్యాసార్థంలో తేడా అర శాతం, అంటే మీకు 2.5 మి.మీ., దాటకుండా చూసుకోండి.

గుండ్రం మొదట చెడేది నిలువు సీమ్ (ప్లేటు రెండు అంచులూ కలిసే అతుకు) దగ్గర. మామూలు రోలింగ్ మెషీన్ ప్లేటు రెండు చివర్లనీ వంచలేదు, అక్కడ కొంత భాగం చదునుగా మిగిలిపోతుంది. అలాగే అతికితే సీమ్ పొడుగునా ఇంటికప్పు కొప్పులా లేస్తుంది. చివర్లని ముందే ప్రెస్‌లో వంచండి, లేదా ప్లేటు ఎక్కువ తీసుకుని రోల్ చేశాక ఆ చదును ముక్కలు కోసేయండి. సీమ్ పూర్తయ్యాక మళ్లీ ఒకసారి రోల్ చేయించడం ఇంకా మేలు. ప్లైవుడ్‌లో అరమీటరు పొడవున వంపు టెంప్లేటు కోసి, సీమ్ మీద ఆనించి చూడండి. వెలుతురు కనిపించిందంటే పని ఇంకా ఉన్నట్టే.

తర్వాత ఫ్రేములు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, బలంగా ఉంటుందని లావుగా ఫిల్లెట్ (ఫ్రేమ్, ప్లేటు కలిసే మూలలో పోసే వెల్డ్) వేయడం. 6 మి.మీ. చాలే చోట 8 వేస్తే పోసిన లోహం దాదాపు 1.8 రెట్లవుతుంది, లాగుడూ దానికి తగ్గట్టే పెరుగుతుంది. ఫ్రేమ్ దగ్గర షెల్ (సిలిండర్ ప్లేటు) లోపలికి లాగేసుకుని, మధ్యలో బక్కచిక్కిన గుర్రం పక్కటెముకల్లా తేలుతుంది. గడియారం మీద 12, 6, 3, 9 దగ్గర టాక్ (చిన్న తాత్కాలిక వెల్డ్) వేయండి, తర్వాత మధ్యలో నింపండి. 100–150 మి.మీ. ముక్కల్లో, ఒకటి వదిలి ఒకటి, ఎదురెదురుగా కొట్టుకుంటూ వెళ్లండి. చివరికి ఫిల్లెట్ మాత్రం రెండు వైపులా తెగకుండా ఉండాలి. మధ్యలో ఖాళీలు వదిలితే నీళ్లు చేరి తుప్పు తినేస్తుంది.

ఇక రాడ్. ఈ7018 (తక్కువ హైడ్రోజన్ రాడ్), డీసీ కరెంటు, రాడ్ ప్లస్‌లో. షెల్ సీమ్‌లకి మొత్తం 60 డిగ్రీల వీ గాడి, 2 మి.మీ. రూట్ ఫేస్ (గాడి అడుగున కోయకుండా వదిలిన అంచు), 2.5–3 మి.మీ. గ్యాప్. చుట్టూ 25 మి.మీ. మేర మిల్ స్కేల్ (కొత్త ప్లేటు మీది నల్ల పొర), పెయింటు, నూనె తీసేయాలి. ఒకవైపు నింపాక వెనకవైపు నుంచి గ్రైండర్‌తో మంచి లోహం కనిపించేదాకా గాడి తీసి, డై పెనెట్రెంట్‌తో (పగుళ్లు చూపించే రంగు ద్రవం) చూసి, అప్పుడు వెనక పాస్ వేయండి. 7018 తేమని పీల్చుకుంటుంది. ప్యాకెట్ విప్పాక 120 డిగ్రీల పెట్టెలో ఉంచండి, బయట పడేసిన రాడ్ వాడొద్దు. తేమలోని హైడ్రోజన్ వల్ల పగులు వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకి తేలొచ్చు. అందుకే ఆఖరి పరీక్ష 48 గంటల తర్వాతే చేయాలి. సీమ్‌లన్నీ అల్ట్రాసోనిక్‌తో చూపించండి.

మిగ్ సంగతి: తక్కువ వోల్టేజీ షార్ట్ సర్క్యూట్ మోడ్‌లో బీడ్ చూడముచ్చటగా ఉంటుంది, కింద ప్లేటు సరిగా కరిగి ఉండకపోవచ్చు. పైన పటారం, లోన లొటారం. హల్ సీమ్‌లకి నేనైతే దాన్ని ఒప్పుకోను.

ప్లేట్లని లైన్‌లో పెట్టడానికి తాత్కాలికంగా టాక్ చేసిన ముక్కల్ని సుత్తితో కొట్టి విరగ్గొట్టకండి, షెల్ లోంచి తునక ఊడొస్తుంది. గ్రైండర్‌తో 2 మి.మీ. మిగిలేలా కోసి, తర్వాత సమానం చేయండి. హ్యాచ్ రింగ్, కిటికీ సీట్లు ముందు వెల్డ్ చేసి ఆ తర్వాతే మెషీనింగ్. అందుకు 2–3 మి.మీ. అదనంగా ఉంచుకోండి. ముందే నున్నగా చేసుకుంటే వేడికి వంకరపోయి ఓ-రింగ్ (నీరు రాకుండా ఆపే రబ్బరు రింగు) కూర్చోదు. అక్రిలిక్ కిటికీలు అన్నిటికన్నా ఆఖర్న.

హల్ లోపల కూర్చుని వెల్డ్ చేసేటప్పుడు, వెల్డింగ్ గ్యాసులైన ఆర్గాన్, సీఓ2 ఉంటే అవి కిందికి దిగి గాలిని నెట్టేస్తాయి. స్పృహ తప్పేముందు ఏ వాసనా రాదు. పొగ లాగే బ్లోయర్ పెట్టండి, ఆక్సిజన్ మీటరు మెడ దగ్గరే ఉండాలి, బయట ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. గాలి కోసమని ఆక్సిజన్ సిలిండర్ మాత్రం విప్పొద్దు, బట్టలకి నిప్పంటుకుంటుంది.

లీకు చూడటానికి లోపలికి 0.1 బార్ గాలి చాలు, పైన సబ్బు నీళ్లు. అంత తక్కువలోనూ 60 సెం.మీ. హ్యాచ్‌ని దాదాపు 290 కిలోల బలం బయటికి నెడుతుంది. కాబట్టి రిలీఫ్ వాల్వ్ ఉండాలి, హ్యాచ్ ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఆ తర్వాత మనిషి లేకుండా, బరువు కట్టి, తాడుతో కనీసం 1.25 రెట్ల లోతుకి, అంటే 62–63 మీటర్లకి దించి గంటసేపు ఉంచండి. దించకముందు గుండ్రం కొలిచిన గుర్తుల దగ్గరే, పైకి తీశాక మళ్లీ కొలవండి. అంకె మారితే ఆ హల్‌లో మనిషిని దించకండి, లోపల చుక్క నీరు లేకపోయినా సరే.