రకూన్ల బారి నుంచి కోళ్లను కాపాడుకోవడం గురించి మా అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. రెండు కోళ్లు పోయాయని, పొద్దున్నే గుడ్ల కోసం వెళ్లిన పాప వాటిని చూసి ఏడ్చిందని చదివి నా మనసు చివుక్కుమంది. ముందు ఒక్క పని చెయ్యి. తిండి దొరికిన చోటికి ఆ జంతువు ఈ రాత్రి కాకపోతే రేపు రాత్రి మళ్లీ వస్తుంది కాబట్టి, మిగిలిన నాలుగు కోళ్లను చీకటి పడకముందే గరాజ్‌లోకి చేర్చు. కుక్కల కోసం అమ్మే పెద్ద క్రేట్‌లో చెక్కపొట్టు పరిచి, నీళ్ల గిన్నె పెడితే వారం రోజుల పాటు అవి అక్కడ క్షేమంగా ఉంటాయి. ఆ వారంలో గూడు బాగు చేసుకోవచ్చు.

వచ్చినది రకూనే, అంటే కళ్ల చుట్టూ నల్లటి పట్టీ ఉండి రాత్రిళ్లు తిరిగే ఈ అమెరికా అడవి జంతువే అని నా నమ్మకం. నీ ఫోటోలో కోడి శరీరం వల లోపలే ఉంది, తల మాత్రం లేదు, వల ఎక్కడా తెగలేదు, తీగ కన్నంలో మెడ ఈకలు నాలుగు చిక్కుకుని ఉన్నాయి. నక్క అయితే కోడిని మొత్తంగా ఎత్తుకుపోతుంది, నాలుగు ఈకలు తప్ప ఏమీ మిగలవు. వీజిల్ అనే ముంగిసలాంటి చిన్న జంతువు చిన్న సందులోంచి దూరి, మెడ మీద కొరికి, తినగలిగినదాని కంటే ఎక్కువ కోళ్లను చంపుతుంది. డేగ పగటిపూట వస్తుంది, ఒకచోట గుట్టగా ఈకలు పీకి వదులుతుంది. గుడ్లగూబ కూడా తల తీస్తుంది కానీ పైకప్పు ఉన్న నీ దొడ్డిలోకి అది దిగలేదు. నీళ్ల పళ్లెం పక్కన బురదలో జాడలున్నాయేమో చూడు. ఐదు సన్నని వేళ్లతో, చంటిపిల్ల అరచేయి అద్దినట్టు ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

ఆ అరచేతిలోనే అసలు విషయమంతా ఉంది, తల్లీ. మన ఊళ్లో మా నాయనమ్మ కోళ్లను సందెవేళ గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టేది. బావురుపిల్లికి, ముంగిసకు ఆ బరువు సరిపోయేది. అవి గోళ్లతో గీకేవి, ముట్టెతో తోసేవి, చివరికి విసిగి వెళ్లిపోయేవి. రకూన్ అలా కాదు. ముందుకాళ్లను చేతుల్లా వాడుతుంది, తడుముతుంది, లాగుతుంది, తిప్పుతుంది, వల కన్నంలో చేయి దూర్చి అవతల నిద్రపోతున్న కోడిని తన వైపు లాక్కుంటుంది. చీకట్లో కోడికి కళ్లు సరిగా కనిపించవు, కూర్చున్న చోటు నుంచి కదలదు. నీ రెండు కోళ్లు అలాగే పోయాయి.

అందుకని ముందు వల మార్చు. నువ్వు వాడినది చికెన్ వైర్. ఆ ఆరుపలకల సన్నని తీగ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుందే తప్ప, లోపలికి వచ్చేదాన్ని ఆపదు. షాపులో హార్డ్‌వేర్ క్లాత్ అని అడుగు. పేరులో క్లాత్ ఉన్నా అది బట్ట కాదు, గాల్వనైజ్ చేసిన గట్టి ఇనుప మెష్. కన్నం అర అంగుళం మించకూడదు, తీగ మందం 19 గేజ్ ఉండాలి. స్టేపుల్స్ ఒక్కటే కొట్టి ఊరుకోవద్దు, రకూన్ పట్టుకుని లాగితే అవి ఊడి వస్తాయి. స్క్రూకు వెడల్పైన వాషర్ వేసి, ప్రతి నాలుగైదు అంగుళాలకు ఒకటి చొప్పున చెక్కలోకి బిగించు. గాలి కోసం పైన వదిలిన కిటికీలకు కూడా ఇదే మెష్ వెయ్యాలి. గూటి చుట్టూ రెండు అడుగుల వెడల్పున నేల మీద మెష్ పరిచి, దాని మీద మట్టీ గడ్డీ కప్పితే, తవ్వడానికి వచ్చిన జంతువు గోడ మొదట్లోనే తవ్వి, మెష్ తగలగానే ఆగిపోతుంది. అంగుళం అంగుళం వెనక్కి వచ్చి అంచు దాటి తవ్వాలని దానికి తోచదు. కోళ్లు కూర్చునే దండె మాత్రం వలకు దూరంగా, గది మధ్యకు జరుపు.

గడియల సంగతి మరింత శ్రద్ధగా చదువు. నీ తలుపుకు ఉన్నది పైకి ఎత్తితే తెరుచుకునే కొక్కెం. అలాంటి కొక్కేన్ని రకూన్ సులువుగా ఎత్తేస్తుంది. రెండు వేర్వేరు పనులు చేస్తే తప్ప తెరుచుకోని గడియ కావాలి, అంటే గొళ్లెం జరిపిన తర్వాత దాని కన్నంలో కారబైనర్, అంటే స్ప్రింగ్‌తో మూసుకునే ఇనుప కొక్కెం, తగిలించాలి. గుడ్లు తీసే చిన్న తలుపును చాలామంది మరిచిపోతారు, దానికీ ఇదే గడియ పెట్టు. పెట్టాక పాపను పిలిచి తెరవమను. మూడేళ్ల పాప తెరవగలిగితే ఆ గడియ పనికిరాదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను నార్త్ కరోలినాలో కోళ్లు పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడు, నవంబరులో మిత్రుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. ఇక్కడ చలికాలానికి ముందు గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు కదా, అప్పటికి అలా జరిపి నాలుగు రోజులే అయింది. చీకటి ఐదున్నరకే పడుతుందని తెలిసీ, తొందరగా వచ్చేస్తాంలే అనుకుని, గూటి తలుపు తెరిచే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పదకొండు గంటలు. టార్చ్ వేసి చూస్తే ఐదు కోళ్లలో ఒక్కటే కారు షెడ్డు దూలం ఎక్కి బతికి ఉంది. మెష్ గట్టిదే, గడియలు మంచివే, తలుపు మాత్రం మూసి లేదు. మరుసటి వారమే ఆటోమేటిక్ తలుపు కొన్నాను. నువ్వు కొంటే టైమర్ కంటే వెలుతురును బట్టి మూసుకునేది కొను, ఏడాది పొడవునా సందెవేళ మారుతూనే ఉంటుంది. అది మూసుకున్నాక కూడా రోజూ వెళ్లి దండె మీద కోళ్లను లెక్కపెట్టు, ఆలస్యంగా వచ్చిన కోడి బయటే చిక్కుకుపోతుంది.

మేత సంచిని మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టు, రాత్రి గూట్లో మేత వదలకు. మేత ఉంటే ఎలుకలు, ఎలుకల వెంట పాములు వస్తాయి. గుడ్లను రోజూ సాయంత్రం తీసేస్తే ర్యాట్ స్నేక్ అనే పాముకూ, పాసమ్ అనే పొట్టసంచి జంతువుకూ అక్కడ పని ఉండదు. డేగలు దిగకుండా దొడ్డికి పైకప్పు ఎలాగూ ఉంది, కోళ్లు దూరడానికి రెండు పొదలు పెంచితే చాలు. డేగలను, గుడ్లగూబలను 1918 నాటి వలస పక్షుల చట్టం కాపాడుతోంది, వాటిని కొట్టడం నేరం.

రకూన్‌ను బోనులో పట్టి దూరంగా అడవిలో వదలాలని అల్లుడు అన్నాడట. వద్దని చెప్పు. చాలా రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం, ఎందుకంటే తూర్పు తీరమంతటా రకూన్లలో రేబిస్ ఉంది, మనం తీసుకెళ్లి వదిలితే జబ్బును కూడా తీసుకెళ్లినట్టే. పైగా ఒకటి పోతే ఆ చోటికి ఇంకొకటి వస్తుంది. విషం పెట్టే మాట అసలే వద్దు, పక్కింటి కుక్కో, గుడ్లగూబో పోతుంది. లైట్లు, రేడియో నాలుగు రోజులు పనిచేస్తాయి, ఆ తర్వాత రకూన్లు వాటికి అలవాటు పడిపోతాయి.

పాప గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. రకూన్లు ఒకేచోట మళ్లీ మళ్లీ మలవిసర్జన చేస్తాయి, చెట్టు మొదట్లోనో, కట్టెల కుప్ప మీదో, డెక్ కిందో. ఆ మలంలో ఉండే ఒక ఏలికపాము గుడ్లు నోట్లోకి పోతే పసిపిల్లల మెదడుకే ముప్పు. ఆ గుడ్లు బయటపడ్డాక రెండు నుంచి నాలుగు వారాల్లో ప్రమాదకరంగా మారతాయి, కాబట్టి కనిపించిన రోజే తీసెయ్యాలి. గ్లవ్స్, మాస్క్ వేసుకుని తీసి, సంచిలో కట్టి పారేసి, ఆ చోట సలసల మరిగే నీళ్లు పొయ్యి. అది పూర్తయ్యేదాకా పాపను పెరట్లోకి పంపకు. పగటిపూట రకూన్ కనిపించినంత మాత్రాన రేబిస్ అనుకోనక్కరలేదు, పిల్లలున్న తల్లి పగలు కూడా తిండికి తిరుగుతుంది. అది తూలుతున్నా, మనుషులను చూసి బెదరకపోయినా లోపలికి వచ్చేసి జంతువుల సంగతి చూసే స్థానిక కార్యాలయం, యానిమల్ కంట్రోల్‌కు ఫోన్ చెయ్యండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

శనివారం అల్లుడు మెష్ బిగించేటప్పుడు వీడియో కాల్ చేయమను, మూలలు ఎలా మడవాలో చూపిస్తాను. కొత్త గడియలు పెట్టాక పాప వాటిని తెరవడానికి ప్రయత్నించే వీడియో కూడా పంపు. అది చూశాకే కోళ్లను గరాజ్ నుంచి గూటికి మార్చండి.

మీ పెదనాన్న